అమ్మను అప్పగించిన చోట నిర్లక్ష్యం జరిగితే...

పండుగ రోజు మన ఊళ్ళలోని వృద్ధాశ్రమాలకు బిర్యానీ పొట్లాలు చాలానే వెళతాయి. ఈద్‌గాహ్‌ నుంచి రాగానే నలుగురు యువకులు బండ్ల మీద వెళ్ళి, అందరికీ పంచి, ఒక ఫోటో తీసుకుని తిరిగి వస్తారు. మంచి పనే. అల్లాహ్‌ స్వీకరించుగాక! కాని పొట్లం చేతిలో పెట్టేటప్పుడు ఆ చేతి గోళ్ళు ఎంత పెరిగి ఉన్నాయో చూసినవారు ఎందరు? ఆ పొట్లం విప్పి ఆ ముసలమ్మకు తినిపించే మనిషి అక్కడ ఉన్నారా అని అడిగినవారు ఎందరు? పక్క గదిలో నుంచి వచ్చే మూలుగు ఎవరిదని తొంగి చూసినవారు ఎందరు?

ఈ నెల పాఠంలో మనం ఆ మూలుగు గురించే మాట్లాడుకుందాం. తల్లినో తండ్రినో సంరక్షణ కోసం ఒకచోట చేర్చాం. అక్కడ వారికి సరైన సేవ జరగడం లేదని తెలిసింది. అప్పుడు ఒక విశ్వాసి ఏం చేయాలి?

ముందుగా ఒక మాట. తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో 'నర్సింగ్‌ హోం' అంటే పదో ఇరవయ్యో మంచాలున్న ప్రైవేటు ఆసుపత్రి. పాశ్చాత్య దేశాల్లో అదే మాటకు, మంచం పట్టిన వృద్ధులు ఉండి సేవలు పొందే నివాసం అని అర్థం. మన దగ్గర ఆ పని చేసేవి వృద్ధాశ్రమాలు, నెలకు ఇంత అని డబ్బు తీసుకునే సంరక్షణ కేంద్రాలు. నిర్లక్ష్యం ఆసుపత్రిలో జరిగినా ఆశ్రమంలో జరిగినా మన ధర్మం ఒకటే. అయితే ఫిర్యాదు చేయవలసిన చోటు మాత్రం వేరు. అది తర్వాత చూద్దాం.

అప్పగించినంత మాత్రాన బాధ్యత తీరదు

తల్లిదండ్రులను ఆశ్రమంలో చేర్చడమే పాపమని కొందరంటారు. నెలనెలా డబ్బు కట్టేస్తే సరిపోతుందని మరికొందరంటారు. రెండు మాటలూ తొందరపాటువే.

మన ఇళ్ళ పరిస్థితి మనకు తెలియనిది కాదు. ఒక కొడుకు కువైట్‌లో ఉంటాడు, ఇంకొకడు బెంగుళూరులో. కూతురు అత్తగారింట్లో తన సంసారంతో సతమతమవుతూ ఉంటుంది. తల్లికి పక్షవాతం వచ్చి మంచం మీదే అన్నీ జరగాలి. ఆమెను ఎత్తి కూర్చోబెట్టే శక్తి ఇంట్లో ఎవరికీ లేదు. అలాంటప్పుడు శిక్షణ ఉన్నవారి చేతికి ఆమెను అప్పగించడం కొన్నిసార్లు ఆమె మేలుకే అవుతుంది. కాని ఆ పని దేనికోసం చేశామన్నది మన మనస్సుకూ, మన మనస్సులోని రహస్యాలు తెలిసిన అల్లాహ్‌కూ తెలుసు. సేవ కోసం చేర్చామా? వదిలించుకోవడానికి చేర్చామా?

తల్లిదండ్రుల్లో ఒకరుగాని ఇద్దరూగాని మన దగ్గర వార్ధక్యానికి చేరితే, వారిపట్ల విసుగును తెలిపే అతి చిన్న మాట కూడా నోట రానీయవద్దని, వారి ముందు వినమ్రతతో మెలగాలని దివ్యఖుర్‌ఆన్‌ ఆదేశించింది (బనీ ఇస్రాయీల్‌: 23, 24). ఆలోచించండి! మన నోటి నుంచి విసుగు మాట రాకూడదన్న అల్లాహ్‌, మనం జీతమిచ్చి పెట్టిన మనిషి నోటి నుంచి ఆమె తిట్లు తింటూ ఉంటే, 'నేను అనలేదు కదా' అన్న మన జవాబును ఒప్పుకుంటాడా?

ప్రతి మనిషీ ఒక కాపరేనని, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). గొర్రెలను మేపడానికి కాపరి ఇంకొకరిని కూలికి పెట్టుకోవచ్చు. అయితే సాయంత్రం మందను లెక్క చూసుకోవలసినవాడు మాత్రం అతడే. తల్లి మన దగ్గరున్న అమానతు. చోటు మారినంత మాత్రాన అమానతు చేతులు మారదు.

నిర్లక్ష్యాన్ని ఎలా గుర్తించాలి?

కొట్టడం, తిట్టడం మాత్రమే అన్యాయం కాదు. చేయవలసినది చేయకపోవడం కూడా అన్యాయమే. పైగా అది చప్పుడు చేయదు. అందుకే చూడటానికి వెళ్ళినవారు కుర్చీలో కూర్చుని క్షేమ సమాచారాలు అడిగి రాకూడదు. కళ్ళతో, చేతులతో చూడాలి.

ఒకటి, వీపు చూడాలి. కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద పడక పుండ్లు పడతాయి. చర్మం మీద ఎర్రగానో నల్లగానో కమిలిన మచ్చ ఉండి, వేలితో నొక్కి వదిలినా దాని రంగు మారకపోతే అది పుండుకు మొదటి గుర్తు.

రెండు, నోరు చూడాలి. ఎండిన నాలుక, పగిలిన పెదవులు, ముదురు రంగు మూత్రం నీళ్ళు సరిగా అందడం లేదని చెబుతాయి. గ్లాసు మంచం పక్కనే ఉండవచ్చు. అది ఆమె చేతికి అందుతుందా అన్నదే ప్రశ్న.

మూడు, బరువు. నెలకోసారి తూచి రాసి పెట్టమనండి. బట్టలు వదులవుతున్నాయంటే కారణం అడగండి.

నాలుగు, మందులు. డాక్టరు రాసిన చీటీని, మిగిలిన మాత్రలను పక్కపక్కన పెట్టి లెక్కించండి. ఎప్పుడు వెళ్ళినా మత్తులో నిద్రపోతూ ఉంటే, నిద్రమాత్రలు ఇస్తున్నారా, ఎవరు రాశారు అని అడగండి.

ఐదు, శుభ్రత. డైపరు ఎన్ని గంటలకు మారుస్తున్నారు? స్త్రీలకు స్త్రీలే స్నానం చేయిస్తున్నారా? అమ్మ సిగ్గుతో చెప్పలేని విషయం ఇది. కూతురో కోడలో ఒంటరిగా అడిగి తెలుసుకోవాలి.

ఆరు, భయం. పనివారు గదిలోకి రాగానే ఆమె మాట ఆపేస్తున్నదా? మీరు లేస్తుంటే చెయ్యి వదలడం లేదా? అది ముసలితనపు చాదస్తమని తోసిపుచ్చకండి.

మన ఇళ్ళలోని పెద్దలకు మాత్రమే ఉండే ఇబ్బంది ఒకటుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే తల్లికి జ్ఞాపకశక్తి తగ్గేకొద్దీ తర్వాత నేర్చుకున్న తెలుగు జారిపోతుంది, చిన్ననాటి మాట మిగులుతుంది. ఆమె 'పానీ' అంటుంది, 'దర్ద్‌' అంటుంది. ఆ భాష రాని ఆయా తన పని తాను చేసుకుపోతుంది. ఒక అట్టముక్క మీద తెలుగు అక్షరాల్లో పదిమాటలు రాసి మంచం పైన గోడకు అంటించండి. పానీ అంటే నీళ్ళు, భూక్‌ అంటే ఆకలి, దర్ద్‌ అంటే నొప్పి, పేషాబ్‌ అంటే మూత్రం, ఠండ్‌ అంటే చలి. ఈ అట్టముక్కకు ఖర్చేమీ లేదు. కాని ఆమె దాహం తీరుతుంది.

నమాజు కూడా మరవకండి. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి పడుకుని నమాజు చేయవచ్చని దైవప్రవక్త (స) నేర్పారు (బుఖారీ). నీళ్ళు వాడలేని రోగికి తయమ్ముమ్‌ సౌలభ్యం ఉంది. వేళ గుర్తు చేసేవారు లేక నమాజులు పోతున్నాయని కుమిలిపోయే తల్లులున్నారు. ఆ వేదనను కూడా సంరక్షణ లెక్కలోనే చూడాలి.

నిర్ధారించుకోండి, నిందించకండి

ఏదైనా వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోవాలని, తెలియక ఇతరులకు హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడే పరిస్థితి తెచ్చుకోవద్దని దివ్యఖుర్‌ఆన్‌ బోధించింది (అల్‌ హుజురాత్‌: 6). ఈ ఆదేశం ఇక్కడ చాలా అవసరం.

ప్రతి పడక పుండూ నిర్లక్ష్యానికి గుర్తు కాదు. జబ్బు ముదిరినవారికి ఎంత జాగ్రత్తగా చూసినా కొన్నిసార్లు పుండు పడుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్న తాకిడికే ఒళ్ళు కమిలిపోతుంది. మతిమరుపు వచ్చిన పెద్దలు భోంచేసి కూడా అన్నం పెట్టలేదనవచ్చు. అలాగని వారు చెప్పే ప్రతిదీ మతిమరుపేనని కొట్టిపారేయడం అంతకన్నా పెద్ద తప్పు. కాబట్టి అడగండి, చూడండి, పోల్చుకోండి. ముందుగా చెప్పకుండా వేర్వేరు వేళల్లో వెళ్ళండి. ముఖ్యంగా రాత్రి భోజనం వేళ, తెల్లవారుజామున. పగటి సందర్శన వేళ అన్ని ఆశ్రమాలూ శుభ్రంగానే ఉంటాయి.

సేవ చేసే ఆయా పరిస్థితి కూడా చూడాలి. ఒక్క మనిషి మీద ఇరవైమంది రోగుల భారం పెట్టి, జీతం రెండు నెలలు ఆపేసిన యాజమాన్యం ఉంటే తప్పు ఎవరిది? చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) అనుచరులం మనం (ఇబ్నుమాజా). దొరికిన చిన్న ఉద్యోగి మీద అరిచి పెద్దలను వదిలేయడం న్యాయం అనిపించుకోదు.

ఫిర్యాదు చేస్తే పరోక్ష నింద అవుతుందా?

ధర్మభీతి గలవారిలో ఈ సందేహం ఉంటుంది. 'వారి లోపాలు బయట చెబితే గీబత్‌ అవుతుందేమో, సబర్‌ చేద్దాం' అంటారు.

సోదర సోదరీమణులారా! మన మీద పడిన కష్టాన్ని ఓర్చుకుంటే అది సబర్‌. అమ్మ మీద పడిన కష్టాన్ని మనం ఓర్చుకుంటే దాన్ని సబర్‌ అనరు, ఉపేక్ష అంటారు. చెడును బహిరంగంగా చెప్పుకోవడం అల్లాహ్‌కు ఇష్టం లేకపోయినా, అన్యాయానికి గురైనవారికి మినహాయింపు ఉందని అన్‌ నిసా సూరా 148వ ఆయతు తెలుపుతోంది. భర్త తనకూ పిల్లలకూ చాలినంత ఖర్చు ఇవ్వడం లేదని హింద్‌ బిన్తె ఉత్బా (రజి) దైవప్రవక్త (స) దగ్గర భర్త పేరెత్తి చెప్పుకున్నారు. ఆయన ఆమెను మందలించలేదు. చాలినంత ధర్మబద్ధంగా తీసుకోమని మార్గం చూపారు (బుఖారీ, ముస్లిం). అన్యాయాన్ని సరిదిద్దగలవారి దగ్గర చెప్పుకోవడం గీబత్‌ కిందికి రాదని ఇమామ్‌ నవవీ (రహ్మలై) వంటి పండితులు వివరించారు.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. చూసినదే చెప్పాలి. పరిష్కరించగలవారికే చెప్పాలి. పెళ్ళి విందులో కబురుగా చెప్పుకుంటే అమ్మకు ఒరిగేది ఏమీ లేదు, మన కర్మల పత్రంలో మాత్రం బరువు పెరుగుతుంది.

ఏ వరుసలో ఏం చేయాలి?

చెడును చూసినవారు చేతితో సరిదిద్దాలని, చేతకాకపోతే నోటితోనైనా, అదీ చేతకాకపోతే మనస్సులోనైనా దాన్ని అసహ్యించుకోవాలని, ఈ చివరిది విశ్వాసపు అతి బలహీన స్థాయి అని దైవప్రవక్త (స) చెప్పారు (ముస్లిం). బిడ్డలకు చెయ్యి ఉంది, నోరు ఉంది. వారు మూడో మెట్టు దగ్గర ఆగిపోవడానికి వీల్లేదు.

మొదట ప్రాణం. ఒంటి మీద స్పృహ లేకపోయినా, జ్వరంతో కాలిపోతున్నా, పుండు కుళ్ళి వాసన వస్తున్నా వాదనకు దిగకండి. 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చండి. తిరుపతి వారికి రుయా, స్విమ్స్‌ ఉన్నాయి. చిత్తూరు వారికి జిల్లా ఆసుపత్రి ఉంది. ఎందరో వేలూరు కూడా వెళుతుంటారు. అక్కడి డాక్టరును పుండు ఎంత పాతదో, ఒంట్లో నీరు ఎంత తగ్గిందో కాగితం మీద రాసివ్వమని అడగండి. ఆ కాగితమే రేపటి సాక్ష్యం.

రెండోది, రాసి పెట్టుకోవడం. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడే రాసుకోమన్న ధర్మం మనది (అల్‌ బఖరా: 282). తేదీ, వేళ, చూసినది, మాట్లాడిన మనిషి, వచ్చిన జవాబు ఒక నోటుపుస్తకంలో రాయండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. పుండ్ల ఫోటోలు తీయవలసి వస్తే అమ్మ మర్యాద కాపాడుతూ తీయండి. వాటిని డాక్టరుకూ అధికారికీ తప్ప వాట్సాప్‌ గుంపుల్లో తిప్పకండి.

మూడోది, యాజమాన్యంతో ముఖాముఖి మాట్లాడటం. కోపంగా కాదు, స్పష్టంగా. 'పక్కకు తిప్పడం లేదు. రేపటి నుంచి రెండు గంటలకోసారి తిప్పి, ఈ కాగితంలో టిక్కు పెట్టండి' అని చెప్పండి. తర్వాత అదే విషయాన్ని ఉత్తరంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. చాలా సమస్యలు ఇక్కడే తీరిపోతాయి.

నాలుగోది, అమ్మను అక్కడి నుంచి తీసుకురావడం. 'ఫిర్యాదు చేస్తే ఆ కోపం అమ్మ మీద తీర్చుకుంటారేమో' అన్న భయం అర్థం లేనిది కాదు. అటువంటి చోటని అనుమానం ఉంటే ముందు అమ్మను తెచ్చుకోండి, తర్వాత అర్జీ పెట్టండి. కట్టిన అడ్వాన్సు పోతుందని ఆగకండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూర్చుని, డబ్బు పంపేవారు ఎవరు, దగ్గరుండి చూసేవారు ఎవరు అని తేల్చుకోవాలి. గల్ఫ్‌ నుంచి డబ్బు పంపే కొడుకు, దగ్గరుండి చేసే చెల్లెలి కష్టాన్ని ఆ డబ్బుతో తూచకూడదు.

ఐదోది, అధికారులు. 2022 ఏప్రిల్‌ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి వేరు జిల్లా అయింది. ఆశ్రమం ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా కలెక్టరేట్‌కే వెళ్ళాలి. వయోవృద్ధుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో అర్జీ ఇవ్వవచ్చు. సోమవారం నాడు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వవచ్చు. 2021 అక్టోబరు 1న దేశమంతటికీ ప్రారంభమైన వృద్ధుల సహాయవాణి 'ఎల్డర్‌ లైన్‌' నంబరు 14567. దీనికి డబ్బు పడదు. కొట్టడం, కట్టివేయడం, నిర్బంధించడం వంటివైతే నేరుగా 112కు ఫోను చేయండి.

చట్టం ఏమంటోంది?

మనం నివసించే దేశపు చట్టం ఈ విషయంలో బలహీనులకు కొంత అండ ఇచ్చింది. దాన్ని ఉపయోగించుకోవడం మన హక్కు.

జబ్బు వల్లగాని శరీర బలహీనత వల్లగాని నిస్సహాయంగా ఉన్న మనిషికి సేవ చేస్తానని ఒప్పందం చేసుకుని, కావాలని ఆ సేవ మానేయడం నేరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది 357వ సెక్షను. మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జుర్మానా లేదా రెండూ పడవచ్చు. అందుకే చేర్చేటప్పుడే ఏ సేవలు చేస్తారో కాగితం మీద రాయించుకోవడం ముఖ్యం.

డబ్బు తీసుకుని సేవ చేసేచోట లోపం జరిగితే రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా ఆ చట్టం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ప్రైవేటు నర్సింగ్‌ హోం అయితే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి ఫిర్యాదు ఇవ్వాలి. చికిత్స రికార్డులు అడిగితే డాక్టరు 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాలు చెబుతున్నాయి. అయితే వైద్యం వికటించిన ప్రతిసారీ డాక్టరు నేరస్థుడు కాడని, కేసు నడపడానికి ముందు మరో నిష్పాక్షిక వైద్యుని అభిప్రాయం ఉండాలని సుప్రీంకోర్టు 2005లో స్పష్టం చేసింది. ఇది కూడా న్యాయమే.

లాయరుకు ఇవ్వడానికి డబ్బు లేదని వెనుకాడకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం అందిస్తుంది. అమ్మ పేరుతోనే అడగవచ్చు.

చట్టం వేలు మనవైపు కూడా చూపిస్తుంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ప్రకారం పిల్లలు చూడకపోతే తల్లిదండ్రులు ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌లో పోషణ ఖర్చు అడగవచ్చు. తన సంరక్షణలో ఉన్న వృద్ధులను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టినవారికి మూడు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. ఆశ్రమాన్ని ప్రశ్నించబోయే కొడుకు ముందు తనను తాను ప్రశ్నించుకోవాలి: నేను అమ్మను చివరిసారి ఎప్పుడు చూశాను?

పక్క మంచం మీద ఉన్నది ఎవరు?

2020 జనవరిలో హైదరాబాద్‌ శివార్లలో, కీసర దగ్గరి నాగారంలో ఒక వృద్ధాశ్రమం నుంచి పోలీసులు 70 మందికి పైగా మనుషులను విడిపించారు. వారిలో వృద్ధులు, మానసిక రోగులు ఉన్నారు. కొందరిని గొలుసులతో కట్టి ఉంచారు. మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి చట్టం పూర్తిగా నిషేధించింది. అక్కడ నెలనెలా డబ్బు కట్టే బంధువులున్నారు. కాని విషయం బయటపడింది ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు లోపలి కేకలు విని పోలీసులకు చెప్పడం వల్ల.

పొరుగువారి హక్కు గురించి ఎన్నో ప్రసంగాలు వింటాం. మన వీధిలో వృద్ధాశ్రమం ఉంటే, అందులో ఉన్నవారందరూ మన పొరుగువారే.

మస్జిదె నబవీని ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ చనిపోతే సహాబాలు దైవప్రవక్త (స)కు చెప్పకుండానే ఖననం చేశారు. ఆమె కనబడకపోవడం గమనించి, ఆయన స్వయంగా ఆమె గురించి అడిగారు. తనకు ఎందుకు చెప్పలేదని అన్నారు. సమాధి దగ్గరికి వెళ్ళి నమాజు చేశారు (బుఖారీ, ముస్లిం). ఎవరూ అడగని మనిషి గురించి అడగడం ప్రవక్త (స) సంప్రదాయం.

హజ్రత్‌ ఉమర్‌ (రజి) తన పాలనలో ఒక గుమ్మం దగ్గర బిచ్చమెత్తుతున్న చూపులేని వృద్ధుణ్ణి చూశారు. అతడు యూదుడు. ఉమర్‌ (రజి) అతణ్ణి చెయ్యి పట్టి ఇంటికి తీసుకువెళ్ళి ఉన్నది ఇచ్చారు. తర్వాత బైతుల్‌మాల్‌ అధికారిని పిలిపించి, ఇతణ్ణీ ఇటువంటివారినీ చూసుకోమని ఆదేశించారు. యవ్వనంలో అతని కష్టాన్ని అనుభవించి ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదన్నారు. ఇమామ్‌ అబూ యూసుఫ్‌ ఈ సంఘటనను నమోదు చేశారు. అతడు ఏ మతం వాడని అడిగింది సహాయం ఆపడానికి కాదు.

కరోనా రోజుల్లో, 2020, 2021 సంవత్సరాల్లో, తిరుపతి ముస్లిం యువకులు మతభేదం లేకుండా, దగ్గరికి వచ్చే బంధువులు లేని శవాలకు అంత్యక్రియలు జరిపారు. చనిపోయినవారికి అంత చేసిన చేతులు బతికున్నవారికి చేయలేవా? ప్రతి మస్జిదు కమిటీ నలుగురిని ఎంచుకోవచ్చు. ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు. నెలకు రెండుసార్లు, చెప్పకుండా, తమ పట్టణంలోని ఒక ఆశ్రమానికి వెళ్ళాలి. పొట్లాలతో పాటు గోళ్ళు కత్తిరించే కత్తెర, కొబ్బరినూనె, ఒక నోటుపుస్తకం తీసుకువెళ్ళాలి. ఎవరూ చూడటానికి రాని మంచం దగ్గర ముందు కూర్చోవాలి.

ఈ వారమే మీ అమ్మ దగ్గరికో, మీ ఖాలా దగ్గరికో వెళ్ళండి. ఆమె దుప్పటి మీరే తీయండి, మడమలు మీ చేతులతో తాకి చూడండి. లేచి వచ్చేముందు పక్క మంచం వైపు తిరిగి, 'అమ్మా, మీకేమైనా కావాలా?' అని అడగండి.

మన తల్లిదండ్రుల విషయంలో రేపు మనం సిగ్గుపడని విధంగా నడుచుకునే సద్బుద్ధిని అల్లాహ్‌ మనకు ప్రసాదించుగాక! ఎవరూ లేని వృద్ధులకు మనల్ని తోడుగా చేయుగాక! ఆమీన్‌.